తల్లి లెక్కపెట్టిన నెలలు

1879 మార్చి 3వ తేదీన ‘లియోనిడాస్’ అనే తెరచాప ఓడ కలకత్తా రేవు విడిచినది. మే 14వ తేదీన ఫిజీ ద్వీపాలలో, అప్పటికి ముఖ్యపట్టణంగా ఉన్న లెవూకా ఎదుట లంగరు దించినది. అందులో 460 మందికి పైగా భారతీయులు ఉన్నారు. అయిదేండ్లు తోటలలో కూలిపని చేస్తామని ఒప్పుకొని బయలుదేరినవారు. ఫిజీ భారతీయుల చరిత్ర వ్రాసినవారందరూ ఈ రెండు తేదీలతోనే ప్రారంభిస్తారు. ఓడలో మశూచి, కలరా ప్రబలిన సంగతి, దిగినవారిని చాలా కాలం వేరుగా ఒక చిన్న దీవిలో ఉంచిన సంగతి కూడ చెబుతారు. కాని ఆ రెండు తేదీల నడుమ జరిగిన మరొక వింతను సాధారణంగా ఎవరూ పట్టించుకోరు.

వారు బయలుదేరినది ఫాల్గుణంలో. గోధుమచేలు పండుతున్న కాలం; ఇక ముందున్నది ఎండాకాలం. పశ్చిమపు వడగాలికి తలుపులు బిగించుకొని, మామిడిచెట్ల క్రింద పగళ్లు గడిపే వైశాఖ జ్యేష్ఠాలు. వారు దిగినప్పుడు పంచాంగం ప్రకారం ఆ ఎండాకాలమే నడుస్తూ ఉండవలసినది. కాని దిగిన చోట ఎండలు అప్పుడే వెనుకపడుతున్నాయి. చల్లని నెలలు మొదలవుతున్నాయి. భూమధ్యరేఖను దాటి దక్షిణానికి వచ్చిన ఆ మనుష్యులకు ఆ యేడు గ్రీష్మం రాలేదు. ఒక ఋతువు సముద్రంలో పడిపోయినట్లు అయినది.

పురుషునికి ఇది ఒక విడ్డూరం మాత్రమే కావచ్చు. దొర చూపిన చోట, దొర చెప్పినంతసేపు పనిచేసేవానికి ఏ ఋతువైతేనేమి! కాని ఇల్లు నడిపే స్త్రీకి ఋతువు అంటే వంట. ఋతువు అంటే వ్రతం. పసివానికి ఒంటిమీద కప్పవలసినది ఏమిటి, బాలింతకు పెట్టవలసిన పథ్యం ఏమిటి, గింజలు ఎప్పుడు ఎండబెట్టాలి, ఆడపిల్ల పెళ్లి ఏ నెలలో తలపెట్టాలి అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు. ఆమె తల్లి దగ్గర నేర్చుకొని వచ్చిన సంసారశాస్త్రమంతా పన్నెండు నెలల చుట్టూ అల్లుకొని ఉన్నది. ఆ అల్లిక ఫిజీలో ఎట్లా చెదిరినది, ఆమె దానిని మరల ఎట్లా ముడివేసుకున్నది అన్నదే ఈ వ్యాసవిషయం. ‘ఆమె’ అని నేను అంటున్నది ఏ ఒక్క వ్యక్తినీ కాదు. పేర్లు మిగిలినవారు బహు కొద్దిమంది.

1879 నుంచి 1916 వరకు 60 వేలకు పైగా భారతీయులు ఈ విధంగా ఫిజీకి వెళ్లినారు. వారిలో సుమారు 45 వేలమంది కలకత్తా నుంచి. బస్తీ, గోండా, ఫైజాబాద్, గోరఖ్‌పూర్, ఆజంగఢ్, షాహాబాద్ మొదలైన జిల్లాలవారు. 1903 నుంచి మద్రాసు రేవులో కూడ ఓడలు ఎక్కించినారు. అట్లా వెళ్లిన 15 వేలమందిలో ఉత్తరార్కాటు, తంజావూరు జిల్లాలవారితో పాటు కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల తెలుగువారూ ఉన్నారు. వారు వేలిముద్ర వేసిన ఒప్పందపత్రాన్ని ఇంగ్లీషులో ‘అగ్రిమెంటు’ అంటారు గదా. పల్లెటూరి నోట అది ‘గిర్మిట్’ అయినది, దానికి కట్టుబడినవారు ‘గిర్మిటియా’లు అయినారు. హిందీనుంచి తెలుగు చేసేటప్పుడు ఈ మాటను ‘ఒప్పందపు కూలీలు’ అని మార్చడానికి నాకు చేయి ఆడదు. ఒప్పందంలో రెండు పక్షాలు ఉంటాయి. గిర్మిట్‌లో ఉన్నది ఒక్క పక్షమే.

ప్రతి నూరుగురు పురుషులకు నలభైమంది స్త్రీలను తీసుకొనిపోవలెనని ప్రభుత్వనియమం. ఆ సంఖ్యను పూర్తి చేయడానికి ఏజెంట్లు పడిన పాట్లు, పన్నిన మోసాలు ఒక పెద్ద కథ. వెళ్లిన స్త్రీలు చెడ్డవారనీ, వీధులలో దొరికినవారనీ చాలాకాలం దొరలూ వ్రాసినారు, మనవారూ నమ్మినారు. ఫిజీలో లబాసా ప్రాంతపు చెరకురైతు కుటుంబంలో 1952లో పుట్టి, తన తాతల చరిత్రను తానే వ్రాసిన బ్రిజ్ విలాస్ లాల్ కలకత్తా ఓడల ప్రయాణపత్రాలన్నిటినీ పరిశీలించి 1983లో ఒక గ్రంథం ప్రకటించినాడు. ఉత్తరదేశపు స్త్రీలలో ఇంచుమించు మూడింట రెండువంతులమంది ఒంటరిగా బయలుదేరినవారని అందువల్ల తెలిసినది. వితంతువులు, భర్తలు విడిచినవారు, అత్తవారింట ఉండలేనివారు, తీర్థయాత్రలో దారి తప్పినవారు వారిలో ఉన్నారు. మంచీ చెడ్డా అన్నది వారి విషయంలో అడగదగిన ప్రశ్న కాదు.

ఆ ప్రయాణపత్రం నమూనా చూస్తే ఒక సంగతి మనస్సును పట్టుకొంటుంది. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, ఠాణా, గ్రామం, ఒంటిమీది గుర్తులు, వివాహమైతే ఆ జత పేరు, అన్నిటికీ గడులు ఉన్నాయి. తల్లి పేరు కొరకు ప్రత్యేకమైన గడి లేదు. కూతురు తల్లినుంచి తెచ్చుకున్నదంతా గడి లేని సామానుగానే ఓడ ఎక్కినది.

ఉత్తరదేశపు పల్లెలలో ‘బారహ్‌మాసా’ అనే పాటలజాతి ఒకటి ఉన్నది. ఆషాఢంలోనో చైత్రంలోనో మొదలుపెట్టి పన్నెండు నెలలనూ వరుసగా పలుకరిస్తూ, భర్త దూరదేశం పోగా ఇంట మిగిలిన స్త్రీ తన విరహాన్ని చెప్పుకొనే పాట. జాయసీ మహాకవి ‘పద్మావత్’ కావ్యంలో నాగమతి విరహవర్ణనకు ఈ జానపదపు చట్రాన్నే ఎత్తుకున్నాడు. అందులో ప్రతి నెలకు ఒక గుర్తు ఉంటుంది. శ్రావణమంటే వాన, ఊయెల. కార్తికమంటే నిర్మలమైన వెన్నెల. పుష్యమంటే ఎముకలు కొరికే చలి. మాఘమంటే ఆవచేల పసుపు. నెలపేరు చెప్పగానే ఆకాశం కనబడుతుంది. పేరు ఒకటి, ఆకాశం మరొకటి అయితే ఆ పాట నడవదు.

ఫిజీలో సరిగా అదే జరిగినది. శ్రావణమాసం వచ్చినప్పుడు అక్కడ వాన లేదు. జూలై ఆగస్టు నెలలు చల్లగా, పొడిగా ఉంటాయి. చెరకు నరికే రోజులు అవి. చలికి వణకవలసిన పుష్యమాఘాలలో ఒళ్లు కాలే ఎండ, దాని వెంట కుంభవృష్టి, తుఫానులు. వసంతపంచమినాటికి ఆవపువ్వు లేదు, గాలివాన భయం ఉన్నది. మామిడిపండ్లు వైశాఖంలో కాక దీపావళి సమయానికి రంగు తిరగడం మొదలుపెడతాయి. మధ్యాహ్న సూర్యుడు కూడ సంవత్సరంలో ఇంచుమించు పది నెలలు ఉత్తరపు వైపున నిలుస్తాడు. మకరసంక్రాంతితో ఉత్తరాయణం వస్తుందనీ, ఇక చలి తగ్గి పగలు పెరుగుతుందనీ మనం సంతోషిస్తాము. అక్కడ సూర్యుడు ఉత్తరానికి మళ్లడమంటే పగలు తరగడం. కృష్ణా గోదావరి తీరాలనుంచి పోయిన తెలుగుతల్లికి ఉగాది మరీ చిక్కు తెచ్చిపెట్టి ఉంటుంది. మామిడికాపు ముగిసిన తరువాత వచ్చే చైత్రంలో పచ్చడికి పుల్లని కాయ ఎక్కడినుంచి తేవడం?

అయితే ఒకటి మాత్రం మారలేదు. చంద్రుడు మారలేదు. అమావాస్య అక్కడా అమావాస్యయే. పున్నమి అక్కడా పున్నమియే. సూర్యుని లెక్క తప్పినా చంద్రుని లెక్క తప్పలేదు. తిథులమీద నిలిచిన పండుగలు అందువల్లనే బ్రతికినాయని నాకు తోచుతున్నది. చదువురాని తల్లి పంచాంగం లేకపోయినా ఆకాశం చూసి ఏకాదశి పట్టగలదు. కార్తికపు చీకటి రాత్రికి ప్రమిద వెలిగించగలదు. ముసల్మాను తల్లికి ఈ చిక్కు ఇంకా తక్కువ. రంజాన్, ముహర్రం ఋతువులతో ముడిపడినవి కావు. స్వదేశంలోనే అవి ఎండలోనూ వానలోనూ చలిలోనూ తిరుగుతూ వచ్చినాయి. గిర్మిట్ కాలపు ఫిజీలో తాజియాల ఉత్సవం మతభేదం లేకుండా కూలీలందరికీ పండుగ కావడానికి దొరలు ఇచ్చిన సెలవు ఒక కారణమైతే, ఏ ఋతువుకూ కట్టుబడని దాని స్వభావం కూడ ఒక కారణమేమో! ఇది నా ఊహ మాత్రమే.

ఇక ఇల్లు. ఇల్లు అనే మాట వాడడానికి సంకోచంగా ఉన్నది. తోటలలో ‘లైన్లు’ అనే పొడుగాటి రేకుల పాకలు వేసి, వాటిని పది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పుగల గదులుగా విభజించినారు. ఒంటరి పురుషులైతే గదికి ముగ్గురు. సంసారమైతే భార్య, భర్త, ఇద్దరు పిల్లలు. గదుల నడిమి తడికె కప్పును తాకదు. ఒక గదిలో దగ్గితే లైను చివరిదాక వినబడుతుంది. పొయ్యి, పడక, తడికట్టెలు, కోడి, బిడ్డ అన్నీ ఆ డెబ్బది చదరపుటడుగులలోనే. కూలీలు దానికి ‘నరకం’ అని పేరు పెట్టుకొన్నారు.

వేకువన గంట కొట్టేవారు. తల్లి అంతకు ముందే లేచి రొట్టెలు కాల్చవలెను. పురుషునికి రోజుకు ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు చట్టం చెప్పిన కూలి; అది కూడ ఇచ్చిన గుత్తపని పూర్తి అయితేనే. గర్భిణికి గాని పసిబిడ్డ తల్లికి గాని గుత్త పూర్తి కావడం కష్టం. కాకపోతే కూలి కోత. మొదటి ఆరు నెలలు యజమాని ఇచ్చిన బియ్యం, పప్పు, పిండి ఖర్చును కూలిలోనే పట్టుకొనేవారు. పాలుత్రాగే బిడ్డను చెరకుసాళ్ల చివర నీడలో పడుకోబెట్టి పనిచేసిన తల్లులు ఎందరో. కొన్ని తోటలలో ఒక ముసలిదానిని పిల్లలను చూడడానికి నియమించేవారు. బిడ్డల మరణాలు మిక్కుటంగా ఉండేవి.

1893లో గిర్మిటియాగా వెళ్లి 1914లో తిరిగివచ్చిన తోతారాం సనాఢ్య, బనారసీదాస్ చతుర్వేది సహాయంతో హిందీలో ప్రకటించిన ‘ఫిజీ ద్వీప్ మే మేరే ఇక్కీస్ వర్ష్’ చదివినవారు నారాయణి అనే స్త్రీ కథను మరువలేరు. ఆమెకు పుట్టిన బిడ్డ దక్కలేదు. పురుడు వచ్చిన మూడు నాలుగు రోజులకే పనికి రమ్మన్నారు. రాలేనన్నందుకు దొర కొట్టినాడు. న్యాయస్థానంలో అతడు నిర్దోషి అయి బయటపడినాడు. ఆమెకు మతి చలించినది. మన పల్లెలలో బాలింత ఎన్నవ రోజున గడప దాటాలో, ఎన్నవ రోజున నూతిదగ్గరకు పోవాలో అమ్మమ్మలు చెప్పేవారు. ఆ లెక్కను మాన్పించి దొర తన లెక్క పెట్టినాడు. నెలలు తలక్రిందులు కావడం ప్రకృతిధర్మం. ఇది అట్లాంటిది కాదు.

కుటుంబం కట్టుకోవడానికి చట్టం కూడ తోడుపడలేదు. హిందూపద్ధతిలో, ఇస్లాం పద్ధతిలో జరిగిన వివాహాన్ని సర్కారు పుస్తకంలో నమోదు చేయించకపోతే అది వివాహమే కాదన్నారు. అగ్నిసాక్షిగా భార్య అయినది చట్టం ముందు ఏమీ కాకుండా పోయినది. ఈ సందర్భంలో తెలుగు పాఠకులకు ఒక చిన్న సంగతి చెప్పాలనిపిస్తున్నది. పెండ్లినాటి రాత్రి వధూవరులకు మనం అరుంధతిని చూపుతాము. ఉత్తరదేశంలో ధ్రువుని చూపడం ముఖ్యం. ఫిజీలో అరుంధతి కొన్ని నెలలలో ఉత్తరదిక్కున బహు క్రిందుగా కనబడుతుంది. ధ్రువుడు మాత్రం ఏనాడూ కనబడడు. భూమి వంపు అతనిని కప్పివేస్తుంది. స్థిరత్వానికి సాక్షిగా నిలువవలసిన నక్షత్రమే లేని ఆకాశం క్రింద ఆ సంసారాలు మొదలైనాయి.

బంధువర్గం లేని లోటును పూరించినది ఓడ. ఒకే ఓడలో వచ్చినవారు ‘జహాజీ భాయి’లు. కులం, భాష, జిల్లా వేరైనా వారాల తరబడి ఒకే కలశంలో నీళ్లు త్రాగినవారు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ అయినారు. వారి పిల్లల నడుమ పెండ్లి సంబంధం కూడ తగదనేంత గట్టి బంధుత్వం అది. పురుషులకు ఇది స్నేహం. తల్లికి ఇంతకంటె ఎక్కువ. పిల్లవాని పెండ్లిలో మేనమామ చేయవలసిన తంతు ఉన్నది. తోడబుట్టినవాడు బస్తీ జిల్లాలోనో బెజవాడ దగ్గరనో ఉన్నాడు, ఉన్నాడో లేడో తెలియదు. అప్పుడు ఆమె తన ఓడ తమ్ముని పిలిచి పీటమీద కూర్చోబెట్టినది. పిల్లలకు మేనమామ దొరికినాడు. తోట మారి ఎక్కడో పది మైళ్ల దూరాన ఉన్న ఆ జహాజీ ఇల్లే ఆమెకు పుట్టిల్లు. హిందీలో ‘నైహర్’ అంటే వచ్చే దుఃఖమంతా మన ‘పుట్టిల్లు’లో రాదు, భోజ్‌పురీ పాటలలో శ్రావణం వచ్చినదంటే సోదరుడు వచ్చి పుట్టింటికి తీసుకొనిపోవాలని ఆడపిల్ల ఎదురుచూస్తుంది. బారహ్‌మాసాలో దూరమైనది భర్త. ఫిజీలో భర్త ప్రక్కనే ఉన్నాడు, దూరమైనది పుట్టిల్లు. విరహం స్థానం మారినది.

1916లో చివరి ఓడ వచ్చినది. ఇక్కడ దేశంలో గాంధీ, మాలవ్యా, ఆండ్రూస్ ప్రభృతులు నడిపిన ఆందోళన ఫలించి వలసలు ఆగిపోయినాయి. 1920 జనవరి 1వ తేదీతో మిగిలిన గిర్మిట్‌లన్నీ రద్దు అయినాయి. సరిగా అదే నెలలో సువా, నౌసోరి ప్రాంతాలలో కూలీలు సమ్మెకట్టినారు. దీనిని చరిత్రకారులు రాజకీయఘట్టంగా వర్ణిస్తారు. దాని వెనుక ఉన్నది వంటిల్లు. యుద్ధం తరువాత బియ్యం, పిండి, గుడ్డ ధరలు పెరిగిపోయినాయి, కూలి పెరగలేదు. న్యాయవాది మణిలాల్ భార్య జయకుమారి నాయకత్వంలో స్త్రీలు సభలు కూడి, ఇంటిఖర్చు లెక్కలు అధికారుల ముందు పెట్టినారు. ప్రభుత్వం సైనికబలంతో సమ్మె అణచి, ఆ దంపతులను ఆ ప్రాంతాలనుంచి వెళ్లగొట్టినది. అయిదేండ్ల గిర్మిట్‌లో వినబడని తల్లి గొంతు మొదటిసారి బహిరంగంగా పలికినది పప్పు బియ్యం ధరలగురించి అన్నది నాకు చాలా గౌరవప్రదంగా కనబడుతుంది.

ఆ తరువాత వచ్చినది కౌలురైతు యుగం. ఫిజీ చక్కెర పరిశ్రమనంతా చేతిలో పెట్టుకున్న ఆస్ట్రేలియా కంపెనీ పెద్ద తోటలను పది పది ఎకరాల ముక్కలుచేసి, గిర్మిట్ తీరినవారికి కౌలుకు ఇచ్చినది. లైన్లు విడిచి తల్లి మొదటిసారి తన గుడిసెకు వచ్చినది. ముందు తులసి, ప్రక్కన బంతి, మందారం, వెదురుకర్రకు హనుమంతుని ఎర్రజెండా, పెరట్లో ఆవు. ఆమె వంటింట్లోకి ఆ దేశం ప్రవేశించినదీ అప్పుడే. కర్రపెండలం, చేమదుంప, సీమపనస, చేపలు కొబ్బరిపాలు. ఫిజీ దేశస్థులు తినేవన్నీ పొయ్యి ఎక్కినాయి. చేమాకుకు పిండి పూసి చుట్టి ఉడికించి వేయించే భోజ్‌పురీ వంటకానికి అక్కడ ఆకు కొదవ లేదు. బాలింతకు పసుపు పూయడానికి గింజకొని తేవలసిన పనీ లేదు. పసుపు ఆ దీవులలో అంతకుముందే ఉన్నది, అక్కడి స్త్రీలకూ దాని ఉపయోగం తెలుసు. పొరుగున ఉన్న ఫిజీ తల్లితో ఆమె సంభాషణ పసుపుకొమ్ముతోనో చేమాకుతోనో మొదలై ఉండాలి.

అప్పుడామె తన సంవత్సరాన్ని మరల కూర్చుకున్నది. జూన్‌నుంచి డిసెంబరువరకు మిల్లు ఆడుతుంది. లౌటోకా, బా, లబాసా, నౌసోరి మిల్లుల కూతే ఆ నెలలకు గడియారం. నరికేవారి జట్టులో భర్త, పెద్దకొడుకు. తెల్లవారుజామున మూడింటికి పొయ్యి వెలగాలి, పొలానికి అన్నం పోవాలి. శ్రావణం, భాద్రపదం, ఆశ్వయుజం ఈ తొందరలో కలిసిపోయినాయి. ఊయెలపాటల శ్రావణానికి తీరిక లేక అది చిక్కిపోయినది. దీపావళి మాత్రం మిల్లు ఆడుతుండగానే వస్తుంది. చెరకుడబ్బు కొంత చేతిలో ఉంటుంది, అమావాస్య అమావాస్యగానే ఉంటుంది. అందుచేత అది పెరిగినది. ఫాల్గుణమో? మిల్లు ఆగి, వానలు తగ్గుముఖం పట్టి, పురుషులకు పని తక్కువైన మార్చినెల. ఆ తీరికలో ‘ఫగువా’ నెల్లాళ్ల ఉత్సవమై, చౌతాల్ పాటల గోష్ఠులు ఇంటింటా తిరిగినాయి. మన పల్లెలలో వసంతాగమనానికి పాడినదాన్ని అక్కడ తుఫానుల నెలలు దాటిన ఊరటతో పాడినారు. పండుగ పేరు నిలిచినది, దాని కారణం మారినది. ఈ మార్పును ఏ పండితుడూ శాసించలేదు. ఏ సభా తీర్మానించలేదు. ఎవరింట చౌతాల్ జరిగినా పిండివంట చేసి పెట్టినది తల్లియే కాబట్టి, ఏ పండుగ ఎంత నిలవాలో ఆమె కొలిమి నిర్ణయించినది.

మాఘం అక్కడ భయపు నెల. 1931 ఫిబ్రవరి తుఫానులో బా నది పొంగి పరిసరాలను ముంచినది. ఫిజీలో రెండు వందలమందికి పైగా చనిపోయినారు. 2016 ఫిబ్రవరి 20న వచ్చిన విన్‌స్టన్ తుఫానులో 44 మంది. ఆ నెలలో తల్లి బియ్యాన్ని ఎత్తున కడుతుంది, అగ్గిపెట్టెను పొడిగుడ్డలో చుడుతుంది, కప్పు తాళ్లు చూడమని మగవారిని హెచ్చరిస్తుంది. మన బారహ్‌మాసాలో మాఘానికి ఈ వర్ణన లేదు. ఆమె కూతురికి మాత్రం మాఘమంటే ఇదే. దేశం కొత్తది కావడం ఒక తరంతో ఆగిపోతుందని మనం మరచిపోతాము. కొత్తది తల్లికి, కూతురికి అది ఒక్కటే దేశం. ఒకే ఇంట్లో ఇద్దరు స్త్రీలు ‘శ్రావణం’ అన్నప్పుడు ఒకరికి వాన, మరొకరికి చెరకుపొలంనుంచి ఎగిరే మసి గుర్తుకు వచ్చిన కాలం ఒకటి తప్పక ఉండి ఉంటుంది. వారిద్దరూ ఏమి మాట్లాడుకున్నారో వ్రాసిపెట్టినవారు లేరు.

మంగళవారం రాత్రుల మండలిలో తులసీదాసు రామాయణం చదవడం ఫిజీ భారతీయుల జీవితానికి వెన్నెముక అంటారు. పదునాలుగేండ్ల వనవాసం చేసినవాని కథ వారికి ఎందుకు అంత దగ్గర అయినదో వేరుగా చెప్పనక్కరలేదు. తెలుగువారి సంగతి కొంత భిన్నం. ఉత్తరదేశస్థుల నోట వారందరూ ‘మద్రాసీ’లే. పిల్లల భాష ఫిజీ హిందీ అయిపోతున్నది. 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం స్థాపించి, పాఠశాలలు పెట్టి, తెలుగు నేర్పడానికి ప్రయత్నించినారు. అయినా ఇంటిలో తల్లి మాట్లాడని భాష బడిలో ఎంతకాలం నిలుస్తుంది? ఆ తల్లి తన పొరుగింటి అవధీ ఆమెతో కలిసి కలుపు తీసినది, పురుడు పోసినది; ఆ మాటలే ఆమె నోట మిగిలినాయి. భాష పోగొట్టుకున్నదని ఆమెను నిందించేవారు ఆమె బ్రతుకుతెరువు చూడలేదు. దక్షిణాదినుంచి పోయిన కుటుంబానికి చెందిన సుబ్రమణి 2001లో ‘డౌకా పురాన్’, తరువాత ‘ఫిజీ మా’ అనే బృహన్నవలను ఆ ఫిజీ హిందీలోనే వ్రాసినాడు. రెండవ నవల పేరులోనే తల్లి ఉన్నదని పాఠకులు గమనించాలి. ఇంటిలో తప్ప బయట గౌరవం లేని ఆ మాట సాహిత్యభాష కావడానికి నూరేండ్లకు పైగా పట్టినది.

కౌలుభూమి ఆమెది కాలేదు. ఫిజీలో భూమి అత్యధికభాగం అక్కడి దేశస్థుల వంశాలది. వారి హక్కు న్యాయమైనదే. ముప్పదియేండ్ల కౌళ్లు 1997 నుంచి తీరుతూ వచ్చినప్పుడు వేల కుటుంబాలు తులసికోటలు విడిచి సువా, నౌసోరి పొలిమేరల గుడిసెలకు చేరినాయి. అంతకు ముందే 1987లో జరిగిన సైనికతిరుగుబాట్లతో చదువుకున్నవారు దేశం విడవడం మొదలైనది. 2007 జనాభాలెక్కలలో భారతసంతతివారు నూటికి ముప్పదియెనిమిదికి లోపుగా తేలినారు. మే 14వ తేదీని గిర్మిట్ దినంగా ఫిజీ ప్రభుత్వం 2023లో సెలవుదినం చేసినది. లియోనిడాస్ వచ్చిన ఆ తేదీననే, 1987 తిరుగుబాటు నడిపిన రంబుకా, ప్రధానమంత్రిగా క్షమాపణ చెప్పినాడు.

వెళ్లినవారిలో చాలమంది సిడ్నీకి, ఆక్లండుకు చేరినారు. కొందరు కెనడాలో వాంకూవరు వెళ్లినారు. ఆ నగరం ఉత్తరార్ధగోళంలో ఉన్నది. ఫిజీలో పుట్టి, శ్రావణమంటే చల్లని నెల అనీ, మాఘమంటే ఉక్క అనీ ఎరిగిన ముసలితల్లి అక్కడ మనుమలను సాకడానికి పోయినప్పుడు ఫాల్గుణం చలి వెనుక వచ్చినది, మాఘంలో నిజంగా వణుకు వచ్చినది, కిటికీలోనుంచి మధ్యాహ్న సూర్యుడు దక్షిణాన కనబడినాడు. రాత్రి మబ్బు విడిచినప్పుడు ఆమె ఎన్నడూ చూడని ధ్రువుడు మేడల పైగా చాల ఎత్తున నిలిచి ఉన్నాడు. ఆమె నాయనమ్మ బస్తీ జిల్లాలో విడిచివచ్చిన లెక్క అది. ఈ తల్లికి అది మరల తలక్రిందులు. దీపావళికి మామిడిపండ్లు ఎందుకు రావని ఆమె మనుమరాలిని అడుగుతుంది.